లంగరు

శుక్రవారం రాత్రంతా కురిసింది.
తెల్లారేసరికి మా కొండ
పిండిమరలోంచి బయటికొచ్చిన మనిషిలా ఉంది.

ఏడింటికే యెర్నెయ్ వాళ్ల గరాజ్‌లో
పాత ఇస్త్రీపెట్టె, కరుగుతున్న మైనం వాసన,
నిరుటి బూట్లలో పట్టని పిల్లల కాళ్లు.
"ఒక్క వేసవికే ఇంత పెరుగుతార్రా ఎవరైనా!" అని
తిండి పెట్టినవాళ్లే తిట్టడం.
వీడివి వాడికి, వాడివి ఇంకొకడికి,
చివరికి మిగిలిన చిన్న జత
ఎవరి కాలికీ ఎక్కక
మళ్లీ అటక మీదికే పోయింది.

ఈ ఏడు నాకు స్కీలు లేవు.
మోకాలు కోసి చూసిన డాక్టరమ్మ
"ఇక చాలు లోవ్రో" అంది,
నిండబోతున్న గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టినట్టు.
అందుకని నాకో నారింజ కోటు తొడిగి
కింద, లిఫ్టు దగ్గర నిలబెట్టారు.

మా ఊరి లిఫ్టుకి కుర్చీలుండవు.
కదిలే ఇనప తాడుకి వేలాడే కొయ్యలు.
మేం లంగరు అంటాం.
లంగరుకి ఇద్దరు.
పట్టుకుని, లాగి, ఇద్దరి పిరుదుల కిందికీ తోస్తాను,
అంతే నా ఉద్యోగం.
కూర్చోకూడదు, ఆనుకోవాలి.
కూర్చుంటే కూలబడతారు.
పొద్దుట్నించి అరవైసార్లు చెప్పానీ మాట.
అరవై ఒకటోసారి
మా చర్చి ఫాదరు కూర్చునే చూపించాడు.

ల్యుబ్ల్యానా నుంచొచ్చిన స్నేహితుల ప్యాంట్లకి
ధర చీటీలింకా ఊగుతున్నాయి.
గుడిసెలో పొలోనా గుండిగెడు టీ కాస్తోంది,
లవంగాలు దండిగా వేసి,
అడిగినవాళ్లకి రమ్ము,
అడగనివాళ్లకి కాస్త తక్కువ రమ్ము.

వరసలో మా వింకో అన్న.
అతని వెనక, నలుగురి అవతల, మర్యేతక్క.
ఆ నలుగురూ ఎప్పుడూ ఉంటారు.
నాన్న గడ్డిమైదానం అమ్మిన ఏడు మొదలు,
ఆరు శీతాకాలాలుగా,
పెళ్లిళ్లలో, చావుల్లో, పిల్లల పుట్టినరోజుల్లో
వాళ్లిద్దరి మధ్యా కనీసం నలుగురు.

ముగ్గురు తోసుకుంటూ ముందుకెళ్లిపోయారు.
నాలుగోవాడు యెర్నెయ్ కొడుకు.
"నీ బూటు బిగింపు ఊడిందిరా, పక్కకి జరుగు" అన్నాను.
బిగింపు బాగానే ఉంది.
నాకు తెలుసు, వాడికీ తెలుసు.
"తర్వాత!" అని అరిచాను,
ఉన్న గొంతంతా పెట్టి.

వచ్చి నిలబడింది అక్క.
లంగరు తోసేశాను.

అన్న పొడుగు, అక్క పొట్టి.
అతని తొడకి తగిలిన కొయ్య
ఆమె నడుముకి తగిలింది.
ఒకరు దిగితే రెండోవాళ్లు పడతారు కనక
ఇద్దరూ ఉన్నారు.
రెండు వీపులు, ఒకటి నీలం, ఒకటి ఇటుకరంగు,
రెండో స్తంభం దాటాయి.
మూడోదాని దగ్గర పొగమంచు తీసేసుకుంది.

అప్పుడే ఆగింది లిఫ్టు.
ఒట్టు, ఎర్ర బొత్తాం నేను నొక్కలేదు.
(నొక్కేవాణ్నే.)
తాడు మీద మంచు పొడి రాలుతోంది.
అయిదు నిమిషాలు, ఆరేమో.
పైనెక్కడో ఎవరిదో పాప ఏడుపు,
ఇంకేం వినపడలేదు.

దిగేటప్పుడు మామూలే.
ఆమె ఎడమ దారి, అతను కుడి దారి.
మధ్యాహ్నం బల్ల దగ్గర కూడా
ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు.
వాల్‌నట్ రొట్టె ముక్క చేతులు మారి మారి
నలుగురి మీదుగానే వెళ్లింది.

చీకటిపడే వేళ
తాడుకి గొళ్లెం వేస్తుంటే వచ్చాడు అన్న.
చేతిలో కప్పు చల్లారిపోయింది.
"అక్కకి ఎడమ చెవి ఎప్పట్నించి వినపడట్లేదు?"
"నాలుగేళ్లయింది."
"నాకెవరూ చెప్పలేదే."
"నువ్వెవర్నీ అడగలేదే."

కప్పులో మిగిలింది మంచులో ఒంపేశాడు.
చిన్న గోధుమరంగు గుంట పడింది అక్కడ.
దాన్నే చూస్తూ అన్నాడు:
"పైకెళ్లేదాకా మాట్లాడుతూనే ఉన్నాన్రా.
రేపు నన్ను
ఆమె కుడిపక్కన ఎక్కించు."

నారింజ కోటు మేకుకి తగిలించాను.
మోకాలు సలుపుతోంది,
రాత్రికి మళ్లీ కురుస్తుంది.